హెర్న్‌హూట్ స్టార్: 25 మొనల క్రిస్మస్ నక్షత్రం, మూడేళ్ళు వాడాక నా రివ్యూ

మా ఆయన ఉద్యోగం వల్ల జర్మనీలో డ్రెస్డెన్ వచ్చి నాలుగేళ్ళు దాటింది. వచ్చిన మొదటి డిసెంబర్ లో నాకు చాలా దిగులుగా ఉండేది, సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది, బయట చలి, మన తెనాలిలో అయితే ఈ టైమ్ కి నాన్న డాబా మీద స్టార్ కట్టేసి ఉంటాడు, వీధి చివర క్యారల్స్ వాళ్ళ డోలక్ వినిపిస్తుంటుంది అని అదే ధ్యాస. ఒకరోజు మా బాబుని స్కూల్ నుంచి తీసుకొస్తుంటే వాడు నడుస్తూ నడుస్తూ ఆగిపోయి ఒక ఇంటి వరండా వైపు వేలు చూపించి "అమ్మా, తాతయ్య స్టార్!" అన్నాడు. చూస్తే నిజంగానే స్టార్, కానీ మనలా ఐదు మూలలది కాదు, బంతికి అన్నివైపులా ముళ్ళు మొలిచినట్టు మొనలు మొనలుగా, లోపలి నుంచి పసుప్పచ్చటి వెలుగు. ఆ రోజు నుంచి ఎక్కడ చూసినా అదే కనిపించడం మొదలైంది, చర్చి గుమ్మంలో, బేకరీలో, హాస్పిటల్ రిసెప్షన్ లో, మా కింద ఫ్లాట్ పెద్దావిడ కిటికీలో. ఇదే హెర్న్‌హూట్ స్టార్. దీని గురించే ఈ రివ్యూ, వస్తువు గురించి చెప్తా, ఆ ఊరు వెళ్ళొచ్చిన సంగతి కూడా చెప్తా, ఎందుకంటే ఆ ఊరు చూడకముందు ఇది నాకు ఒక డెకరేషన్ ఐటమ్ అంతే.

మొదటి ఏడాది తొందరపడి ఒక షాపులో ఇలాంటిదే చవగ్గా దొరికితే కొన్నా. ఒరిజినల్ కాదు, చూడ్డానికి దాదాపు అలాగే ఉంది. పది రోజులు కాకముందే మొనలు అతుకుల దగ్గర ఊడిపోయి కిందకి వేలాడాయి, జనవరి రాకముందే చెత్తబుట్టలోకి వెళ్ళింది. ఆ డబ్బుకి ఇంకొంచెం వేసుకుంటే అసలుదే వచ్చేది. కాబట్టి కొనేవాళ్ళకి నా మొదటి మాట, కొంటే హెర్న్‌హూట్ లో తయారైనదే కొనండి, లేకపోతే మన పద్ధతిలో వెదురు బద్దలతో ఇంట్లోనే చేసుకోండి, మధ్యరకం వద్దు.

రెండో ఏడాది నవంబర్ చివర్లో అసలు ఊరికే వెళ్ళి కొందాం అని బయల్దేరాం. హెర్న్‌హూట్ అనేది సాక్సనీ రాష్ట్రంలో తూర్పు మూలన, చెక్, పోలండ్ సరిహద్దులకి దగ్గరగా ఉన్న చిన్న ఊరు. డ్రెస్డెన్ నుంచి లోబావ్ దాకా రైల్లో గంట పైచిలుకు, అక్కడి నుంచి బస్సు. శనివారం బస్సులు తక్కువ, మేం ఒకటి మిస్సయ్యి చలిలో గంటకి పైగా నిలబడ్డాం, పిల్లలతో వెళ్ళేవాళ్ళు బస్ టైమ్ ముందే చూసుకోండి, ఫ్లాస్కులో ఏదైనా వేడిగా పట్టుకెళ్ళండి. ఊళ్ళోకి వెళ్ళాక స్టార్ల వర్క్‌షాప్ కనుక్కోవడం కష్టం కాదు. అక్కడ పనివాళ్ళు స్టార్లు చేస్తుంటే మనం నిలబడి చూడొచ్చు, పక్కనే షాపు, పిల్లలు చేత్తో ఏదైనా చేసుకోవడానికి వేరే చోటు, తినడానికి కూడా ఉంది.

ఆ పని చూసినప్పుడు నేను అలాగే ఉండిపోయా. ఒకావిడ టేబుల్ ముందు కూర్చుని ఒక్కో కాగితం తీసుకుని గీతల వెంట మడుస్తుంది, అంచుకి జిగురు రాస్తుంది, పట్టుకుని రెండు వేళ్ళతో కిందనుంచి మొన దాకా ఒక్కసారి నొక్కి జారుస్తుంది, అంతే, మొన తయారు, పక్కన పెడుతుంది, ఇంకోటి. తొందర లేదు, ఆగడమూ లేదు. మెషీన్ తో అయిపోయే పని అనుకుని వెళ్ళా, ఇప్పటికీ చేతులతోనే జరుగుతోంది. మా నాన్న చేతులు గుర్తొచ్చాయి. నాన్న వెదురు బద్దలు చీల్చి, ఐదు మూలల ఫ్రేములు రెండు కట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి మొనల దగ్గర దారంతో బిగించి, లోపలి మూలల దగ్గర చిన్న పుల్లలు ఆసరాగా పెట్టేవాడు, అప్పుడది ఉబ్బి పొట్ట వస్తుంది. అమ్మ మైదాపిండి ఉడికించి చిటికెడు మైలుతుత్తం వేసి జిగురు చేసేది, పురుగు పట్టకుండా. కాగితం అంటించి సరిగ్గా ఇలాగే రెండు వేళ్ళతో అంచు వెంబడి జార్చేవాడు నాన్న. ఎక్కడి తెనాలి, ఎక్కడి హెర్న్‌హూట్, వేళ్ళ కదలిక మాత్రం ఒకటే.

ఇప్పుడు ఈ స్టార్ ఎక్కడ పుట్టిందో చెప్పాలి, నాకు దీనిమీద ప్రేమ కలగడానికి కారణం అదే. 1722లో మొరావియా నుంచి, అంటే ఇప్పటి చెక్ దేశం వైపు నుంచి, మతం కారణంగా ఇళ్ళూ వాకిళ్ళూ వదిలేసి పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్ కుటుంబాలకి జిన్‌జెన్‌డార్ఫ్ అనే జమీందారు తన భూమిలో చోటిచ్చాడు. క్రిస్టియన్ డేవిడ్ అనే వడ్రంగి ఆ ఏడాది జూన్ 17న మొదటి చెట్టు కొట్టాడు, అదే ఊరికి పునాది. హెర్న్‌హూట్ అంటే ప్రభువు కాపుదల అని. పదేళ్ళకే, 1732లో, ఈ చిన్న ఊరి నుంచి మిషనరీలు ప్రపంచం నలుమూలలకీ వెళ్ళడం మొదలుపెట్టారు, కరీబియన్ దీవులు, గ్రీన్‌లాండ్, ఆఫ్రికా, అలా. మన దేశానికీ వచ్చారు, లడఖ్ లో లేహ్ లో 1885లో మిషన్ పెట్టారు, ఇవాళ్టికీ అక్కడ ఈ సంఘం వాళ్ళ, అంటే మొరేవియన్ల చర్చి, స్కూలు ఉన్నాయి. ఇంకో మాట, ఈ జిన్‌జెన్‌డార్ఫ్ చిన్నప్పుడు చదువుకున్నది హాలే అనే ఊళ్ళో, ఆ హాలేలోనే 1746లో, మద్రాసులో పనిచేసి వచ్చిన బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ మన తెలుగులో మొదటి అచ్చు పుస్తకాలు వేయించాడు. ఇక్కడికి రెండు గంటల దూరంలో తెలుగు పుస్తకాలు మొట్టమొదట అచ్చయ్యాయంటే నాకు ఒళ్ళు జలదరించింది, ఇది స్టార్ కి సంబంధం లేని విషయమే అయినా చెప్పకుండా ఉండలేకపోయా.

అలా దూరదేశాలకి వెళ్ళిన మిషనరీలు పిల్లల్ని తమతో ఉంచుకోలేక వెనక్కి పంపేవాళ్ళు, ఆ పిల్లలు హెర్న్‌హూట్ వాళ్ళ హాస్టల్ స్కూళ్ళలో పెరిగేవాళ్ళు. అమ్మానాన్నలు సముద్రాల అవతల, ఉత్తరం రావాలంటే నెలలు. దగ్గర్లోనే నీస్కీ అనే ఊళ్ళో ఉన్న స్కూల్లో కాగితంతో ఇలాంటి నక్షత్రాలు చేయించేవాళ్ళు, అసలు ఉద్దేశం లెక్కల పాఠం, జామెట్రీ పిల్లల చేతికి తెలియాలని. 1821లో ఆ స్కూలు యాభై ఏళ్ళ పండగకి 110 మొనల నక్షత్రం చేసి లోపల దీపం పెట్టి వేలాడదీశారు. తర్వాత తర్వాత ఆడ్వెంట్ మొదటి ఆదివారం, అంటే క్రిస్మస్ కి ముందొచ్చే నాలుగు ఆదివారాల్లో మొదటిది, ఆ రోజు హాస్టల్ పిల్లలంతా కూర్చుని నక్షత్రాలు చేసుకోవడం అలవాటైపోయింది. ఆ పిల్లలు ఇంటికి దూరంగా ఉండి చేసుకున్న స్టార్ ఇది. ఇది చదివాక ఆ షాపులో నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, మా ఆయన ఏమైంది అని అడిగితే ఏం చెప్పాలో తెలీలేదు. నేనూ అమ్మానాన్నలకి దూరంగా ఉండే స్టార్ కొనుక్కుంటున్నా కదా.

1897లో ఫెర్‌బేక్ అనే పుస్తకాల వ్యాపారి వీటిని విప్పి మళ్ళీ బిగించుకునేలా తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. మొదట్లో లోపల రేకుతో గుండు ఉండేది, దానికి మొనలు తగిలించాలి, తర్వాత 1920లలో ఆ గుండు అవసరం లేకుండా మొనలు ఒకదానికొకటి పట్టుకుని నిలబడేలా మార్చారు. ఇప్పుడు మనం కొనేది అదే.

సరే, వస్తువు దగ్గరికి వద్దాం. రకాలు చాలా ఉన్నాయి, పేర్లు కొంచెం తికమకగా ఉంటాయి. ఇంట్లోకి కాగితం స్టార్లు, వీటికి ఐ అనే అక్షరం, ఐ4 అంటే 40 సెంటీమీటర్లు, ఐ6 అంటే 60. బయటికి ప్లాస్టిక్ వి, వీటికి ఏ అనే అక్షరం, ఏ4 40 సెంటీమీటర్లు, ఏ7 68, చర్చిలకీ ఆఫీసులకీ ఏ13 అని 130 సెంటీమీటర్లది. ఇవి కాక ఏ1ఈ అని 13 సెంటీమీటర్ల బుల్లి స్టార్, అది బిగించే వస్తుంది, ఎల్ఈడీ లోపలే ఉంటుంది, గిఫ్ట్ ఇవ్వడానికి బాగుంటుంది కానీ అడాప్టర్ విడిగా కొనాలి, ఇది చాలామంది చూసుకోరు. రంగుల్లో తెలుపు, పసుపు, ఎరుపు, తెలుపు-ఎరుపు, పసుపు-ఎరుపు ఇలా ఉంటాయి. పాత పద్ధతి తెలుపు-ఎరుపు, తెలుపు పవిత్రతకి, ఎరుపు క్రీస్తు రక్తానికి గుర్తు అంటారు. నేను ఐ4 పసుపుది తీసుకున్నా, మా వాడు ఆ రోజు వరండాలో చూసిన వెలుగు అదే కాబట్టి.

బిగించడం గురించి కాస్త వివరంగా చెప్తా, కొన్నవాళ్ళకి పనికొస్తుంది. డబ్బా తెరిస్తే మొనలన్నీ పల్చగా మడిచి ఉంటాయి, నాలుగు పలకలవి 17, మూడు పలకలవి 8, మొత్తం 25. ఒక చిన్న కవర్లో ఇత్తడి పిన్నులు, మన ఆఫీసుల్లో ఫైళ్ళకి గుచ్చి రెండు కాళ్ళూ చెరోపక్కకి మడుస్తామే, అవే. ప్రతి మొన అడుగున చిన్న రెక్కలు, వాటికి చిల్లులు. పక్క మొన రెక్క మీద ఈ రెక్క పెట్టి చిల్లులు కలిపి పిన్ను గుచ్చి మడవాలి. వినడానికి ఇంతే. కింది మొనతో మొదలుపెట్టండి, దాని చుట్టూ నాలుగు పలకలది ఒకటి మూడు పలకలది ఒకటి అలా మార్చి మార్చి ఎనిమిది, ఆ పైన అన్నీ నాలుగు పలకలవే ఎనిమిది, అది నడుము వరస, దాని పైన మళ్ళీ మార్చి మార్చి ఎనిమిది. ఒకటీ, మూడు ఎనిమిదులు ఇరవైనాలుగు, మొత్తం ఇరవై ఐదు. నిజానికి ఆ ఆకారానికి 26 ముఖాలు, ఇరవై ఆరోది పైన ఖాళీగా వదిలేస్తారు, బల్బు దించేది అందులోంచే, తర్వాత మూత పెడతారు.

నడుము వరస దాకా హాయిగా సాగింది. పై వరసకి వచ్చేసరికి చెయ్యి లోపలికి పెట్టడానికి చోటు తగ్గిపోతుంది, పిన్ను కాళ్ళు లోపలి వైపు మడవాలి, కనిపించదు, తడుముకుంటూ చెయ్యాలి. అక్కడ మా బాబు చెయ్యి పనికొచ్చింది. వాడికి అప్పుడు ఆరేళ్ళు, సన్నటి చెయ్యి, మోచేతి దాకా స్టార్ లోకి పెట్టి నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని "వచ్చింది అమ్మా, మడిచేశా" అంటూ ఒక్కోటి బిగించాడు. ఆ హాస్టల్ పిల్లలు కూడా ఇలాగే చేసి ఉంటారు కదా అనుకున్నా. మొదటిసారి మూడు గంటలు పట్టింది, పోయిన ఏడాది గంటన్నరలో అయిపోయింది. ఒక జాగ్రత్త, పిన్ను బిగించేటప్పుడు గట్టిగా లాగితే చిల్లు చిరుగుతుంది, మాకు ఒకటి చిరిగింది, వెనకాల చిన్న టేపు ముక్క వేశాం, మూడేళ్ళయినా అలాగే ఉంది.

వెలిగించినప్పుడు ఎలా ఉంటుందంటే, కాగితం కదా, వెలుగు గుచ్చుకోదు, కాగితంలోంచి వడకట్టినట్టు వస్తుంది. మొన మొదట్లో చిక్కటి పసుపు, కొసకి వెళ్ళేకొద్దీ లేతగా, అతుకులున్న చోట సన్నటి నీడ గీత. గది లైటు ఆపేసి దానికింద కూర్చుంటే బయట చలి ఉందన్న సంగతే మర్చిపోతాం. ఇక్కడివాళ్ళు ఆడ్వెంట్ ముందు రోజో, ఆ ఆదివారమో కట్టి జనవరి 6 దాకా ఉంచుతారు, జ్ఞానులు వచ్చిన రోజు దాకా అన్నమాట, ఆ నక్షత్రం వెంటే కదా వాళ్ళు వచ్చింది. మనం డిసెంబర్ ఒకటినే కట్టేస్తాం, తీయడానికి మాత్రం సంక్రాంతి కూడా దాటిపోతుంది.

లోపాలు కూడా చెప్పాలి. ధర ఎక్కువే, కాగితానికి ఇంతా అనిపిస్తుంది, పని చూశాక నాకు అనిపించడం మానేసింది కానీ చూడనివాళ్ళకి అనిపించడం న్యాయమే. బల్బు, వైరు, హోల్డర్ విడిగా కొనాలి, డబ్బా మీద బొమ్మలో వెలుగుతూ ఉంటుంది, తీరా ఇంటికెళ్ళి తెరిస్తే లైటు ఉండదు, మా పరిచయస్తులు ఇద్దరికి ఇలాగే అయి పండగ ముందు మళ్ళీ షాపుకి పరుగెత్తారు. ఎల్ఈడీ బల్బే వాడండి, వేడెక్కే పాత బల్బు కాగితంలో పెట్టొద్దు. కాగితందాన్ని బాల్కనీలో పెడితే ఒక్క రాత్రి తేమకి మెత్తబడుతుంది, బయటికైతే ప్లాస్టికే. విప్పి డబ్బాలో పెట్టడం మళ్ళీ ఒక పని, చాలామంది విప్పకుండా పెద్ద అట్టపెట్టెలో అటక మీద పెడతారు, మాకు అటక లేదు కాబట్టి విప్పుతాం, విప్పి బిగించినప్పుడల్లా చిల్లులు వదులవుతాయి. ఇవన్నీ చూసుకుని ఐదుకి నాలుగున్నర ఇస్తా, ఆ అర తగ్గించింది లైటు విడిగా అమ్మినందుకే.

మా కింద ఫ్లాట్ పెద్దావిడకి డెబ్బై దాటాయి, ఆ హెర్న్‌హూట్ చుట్టుపక్కల ఊళ్ళోనే పుట్టి పెరిగింది. తూర్పు జర్మనీ రోజుల్లో ఈ స్టార్లు ఎక్కువగా విదేశాలకి వెళ్ళిపోయేవట, ఇక్కడివాళ్ళకి దొరకడం కష్టమయ్యేదట, వాళ్ళ నాన్నగారు తెలిసినవాళ్ళ ద్వారా ఒకటి సంపాదిస్తే ఇల్లంతా పండగే. ఆ స్టార్ ఇప్పటికీ ఆవిడ కిటికీలోనే ఉంది, మొనలు కొన్ని మార్చింది, ఎందుకంటే విడి మొనలు అమ్ముతారు, పాతబడ్డవి తీసేసి కొత్తవి వేసుకోవచ్చు. ఇది నాకు చాలా నచ్చిన విషయం, ఒకసారి కొంటే ఇంట్లో తరాలు నడుస్తుంది.

పాటల గురించి చెప్పకపోతే ఆ ఊరి సంగతి సగమే అవుతుంది. హెర్న్‌హూట్ చర్చి లోపల అంతా తెలుపు, గోడలు తెలుపు, బెంచీలు తెలుపు, బొమ్మలూ నగిషీలూ ఏమీ లేవు, 1945 మే లో యుద్ధం చివర ఊరు తగలబడినప్పుడు ఇదీ కాలిపోతే తర్వాత మళ్ళీ కట్టుకున్నారు. ఆ తెల్లటి హాల్లో ఒక్క స్టార్ వేలాడుతుంటే చూపు ఇంక పక్కకి పోదు. వీళ్ళకి ఇత్తడి బాకాల బృందాలు ప్రాణం. మేం షాపు నుంచి బయటికొచ్చేసరికి చీకట్లో ఎనిమిది మందో పది మందో ముసలివాళ్ళూ కుర్రాళ్ళూ కలిసి నిలబడి వాయిస్తున్నారు, ఊపిరి బాకా చివర నుంచి పొగలా వస్తోంది, వేళ్ళకి చివర్లు కత్తిరించిన గ్లౌజులు. మా గుంటూరు వైపు బ్యాండ్ మేళం హుషారు వేరు, అది విన్నవాళ్ళు నిలబడలేరు, ఇది నెమ్మది, వింటుంటే నడిచేవాళ్ళు ఆగిపోతారు. మా బాబు చెవులు చలికి ఎర్రబడిపోయాయి, అయినా రానన్నాడు, రెండు పాటలయ్యేదాకా అక్కడే.

ఇంకోటి, ఆడ్వెంట్ మొదటి ఆదివారం వీళ్ళు హోసన్నా పాడతారు, పిల్లలు ఒక వరస, పెద్దలు ఒక వరస, ఒకరికొకరు జవాబిచ్చినట్టు. మనకి హోసన్నా అంటే మట్టలాదివారం, చేతిలో ఈతమట్ట పట్టుకుని ఊరేగింపు, డిసెంబర్ లో హోసన్నా నేనెప్పుడూ వినలేదు. వీళ్ళు మట్టలాదివారమూ పాడతారు, ఆడ్వెంట్ లోనూ పాడతారు, రాజు వస్తున్నాడు కాబట్టి రెండుసార్లూ అదే పాట అని ఆ పెద్దావిడ చెప్పింది, వినగానే సబబే అనిపించింది. క్రిస్మస్ ఈవ్ రోజు పిల్లలకి ఎర్ర కాగితం కుచ్చు చుట్టిన చిన్న కొవ్వొత్తి ఇస్తారు, ఇది 1747లో మొదలైన ఆచారం, అప్పటి నుంచి ఈ చర్చి వాళ్ళు ఏ దేశంలో ఉన్నా నడుస్తోంది. ఆ ఎర్ర కుచ్చుల కొవ్వొత్తులు మేమూ నాలుగు తెచ్చుకున్నాం.

2024లో ఈ ఊరిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు, అమెరికాలో బెత్లెహేమ్, ఉత్తర ఐర్లాండ్ లో గ్రేస్‌హిల్, ఇవి కూడా ఈ సంఘం వాళ్ళు కట్టుకున్న ఊళ్ళే, వాటితో కలిపి. కాబట్టి ఇక ముందు జనం పెరుగుతారు, డిసెంబర్ వారాంతాల కన్నా నవంబర్ లో మామూలు రోజు వెళ్తే నెమ్మదిగా చూడొచ్చు. ఊరి పక్కన గుట్ట మీద శ్మశానం కూడా చూడండి, రాళ్ళన్నీ నేలకి పరిచినట్టు ఒకే రకం, జమీందారీ కుటుంబం వాళ్ళవి తప్ప మిగతా అందరివీ ఒకే ఎత్తు, పేదా గొప్పా తేడా లేదు.

అంత దూరం వెళ్ళలేనివాళ్ళకి డ్రెస్డెన్ లో కూడా ఈ స్టార్లు దొరుకుతాయి. 1434 నుంచి జరుగుతున్న ష్ట్రీట్సెల్ మార్కెట్ అనే క్రిస్మస్ సంత చూడటం, పంచదార పొడి దట్టంగా చల్లిన ష్టోలెన్ అనే ఎండుద్రాక్షల కేకు తినడం, 800 ఏళ్ళు దాటిన క్రాయిత్స్ చర్చి మగపిల్లల బృందం పాటలు వినడం, ఇవన్నీ ఒక్క సాయంత్రంలో అయిపోతాయి. ష్టోలెన్ కొన్నరోజే కొయ్యకుండా రెండు మూడు వారాలు ఆగి తినండి, అప్పుడు ఎండుద్రాక్ష రుచి పిండిలోకి దిగుతుంది.

పోయిన ఏడాది నవంబర్ లో మా చెల్లి ఇండియా వెళ్తుంటే దానితో నాన్నకి ఒక ఐ4 తెలుపు-ఎరుపుది పంపించా. డెబ్బై ఏళ్ళొచ్చాయి, మోకాళ్ళ నొప్పులు, రెండేళ్ళ నుంచి వెదురు చీల్చడం లేదు, బజార్లో దొరికే ప్లాస్టిక్ స్టార్ ఒకటి తెచ్చి కడుతున్నాడు, అది నాకు మనసులో ఉండిపోయింది. మన దగ్గరా కరెంటు 230 వోల్టులే కాబట్టి బల్బుకి ఇబ్బంది లేదు, ప్లగ్గు మాత్రం మన సాకెట్ కి సరిగ్గా కుదరకపోవచ్చు, అందుకే వైరు పంపలేదు, అక్కడే హోల్డరూ వైరూ తెప్పించుకోమన్నా. బిగించడం వీడియో కాల్ లో చూపిస్తా, ఆదివారం దాకా డబ్బా తెరవొద్దు నాన్నా అని మరీ మరీ చెప్పా.

శుక్రవారం రాత్రే ఫోన్ వచ్చింది. ఎత్తగానే మాటల్లేవు, తెర నిండా స్టార్, వరండాలో మంచం మీద, ఎరుపు ఒకటి తెలుపు ఒకటి సరిగ్గా వరసలు తప్పకుండా. కాగితం చూడకుండా, ఎవర్నీ అడక్కుండా ఒక్క పూటలో బిగించేశాడు. వెనకాల అమ్మ "అన్నం కూడా తినలేదే మీ నాన్న" అంటోంది. నాన్న ముఖం మాత్రం కొంచెం దిగాలుగా ఉంది.

"బానే వచ్చింది కానీ తల్లీ, ఒకటి తక్కువొచ్చిందే. ఇరవై ఐదే ఉన్నాయి, పైన బొక్క మిగిలిపోయింది. మీ చెల్లి సూట్‌కేసులో ఎక్కడన్నా పడిపోయిందేమో అడుగు."

"పడిపోలేదు నాన్నా, అది అంతే, లైటు దించేది అందులోంచే."

ఒక్క క్షణం స్టార్ ని అటూ ఇటూ తిప్పి చూశాడు, లోపలికి చెయ్యి పెట్టి చూశాడు. "ఆ, అయితే సరే" అని, "హోల్డర్ ఎక్కడ పెట్టావే" అని అమ్మని కేకేస్తూ ఫోన్ మంచం మీదే వదిలేసి లేచి వెళ్ళిపోయాడు.